బోణీ లేని బాక్సు

లారీ నిండా చేపలున్నాయి. కంప్యూటర్‌లో బరువు సున్నా. నా జీవితంలో అంత అందమైన సున్నాని నేను మళ్లీ చూడలేదు.

లారీలోంచి ఐసు నీళ్లు కాటా ప్లాట్‌ఫారం మీదికి ధారగా కారుతున్నాయి. డ్రైవరు కిందికి దిగి తన లారీని తనే ఎగాదిగా చూసుకున్నాడు. షామియానా కింద కూర్చున్న చేపల రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్త చొక్కా వేసుకుని, నుదుట కుంకుమ బొట్టుతో కంప్యూటర్ పక్కన నిలబడ్డ మా పాత యజమాని మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. నేను ప్రింటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాను. కొంచెం గట్టిగానే కొరుక్కున్నాను.

ఆ సున్నా ఊరికే రాలేదు. దాని కోసం నేను కాచుకుని కూర్చున్నాను. సంగతంతా చెప్పాలంటే తాడేపల్లిగూడెం నుంచి మొదలుపెట్టాలి.

మాది ఏలూరు. డిప్లొమా అయ్యాక గూడెంలో కాటాలు అమ్మి, వాటికి రిపేర్లు చేసే షాపులో చేరాను. రోజూ పొద్దున్నే పాసింజరు రైలెక్కడం, భీమడోలులో జనం దిగాక సీటు దొరికితే ల్యాప్‌టాప్ తెరవడం. ఉల్లిపాయల మార్కెట్లో బస్తాల కాటాలు, రైసు మిల్లుల్లో లారీ కాటాలు, పెదవేగి వైపు పామాయిల్ గెలలు తూచేవి, కొల్లేరు చుట్టూ చేపలు తూచేవి, అన్నీ మా షాపే చూసేది. మా యజమాని పెద్దమనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఎదురుగా ఉన్నది కుక్కపిల్లయినా "పక్కకి జరగండి" అనే రకం. ఆ మెత్తదనం చూసే నేను మోసపోయాను.

కాటా తూచడం వేరు, ఆ తూకం కంప్యూటర్‌కి చేరడం వేరు. ప్రతి లారీ కాటాకీ ఎర్ర అంకెలు చూపించే ఇండికేటర్ అనే డబ్బా ఒకటి ఉంటుంది. దాని వెనక నుంచి కేబులు వచ్చి కంప్యూటర్ సీరియల్ పోర్టులో దూరుతుంది. దూరే చోటు చూడ్డానికి ఒకేలా ఉన్నా, అందులోంచి వచ్చే మాట కంపెనీకి ఒక తీరు. కొన్ని మూడు తీగల మీద మాట్లాడతాయి. కొన్ని రెండు తీగల జంట మీద. మరీ పాతవైతే తీగలో కరెంటు పారుతూ, ఆగుతూ చెబుతాయి. ఆపైన ఒక్కోదానిది ఒక్కో వేగం. ఏది ఏమిటో తెలియకుండా కలిపితే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి, లేదంటే పోర్టే కాలిపోతుంది. కాగితాలు ఏ మిల్లులోనూ ఉండవు. కాబట్టి మెకానిక్కు వెళ్లి, ఇది కాదు అది, అది కాదు ఇది అనుకుంటూ పూటంతా చీకట్లో బాణాలు వేయడమే పని.

నాకు అది పరమ చిరాకు. ఎవరో ఏ భాషలో మాట్లాడుతున్నారో తెలుసుకోవడానికి ముందు వినాలి కదా. వినే బాక్సు ఒకటి తయారు చేద్దామని కూర్చున్నాను. సగం రైల్లో, సగం షాపు వెనక గదిలో. కేబులుని ముందు ఆ బాక్సులో పెడితే అది నోరు మెదపదు. కాటా ఏమీ చెప్పకుండా ఊరుకున్న క్షణంలో కూడా తీగ మీద కొంత వోల్టేజీ ఉంటుంది, ఒక్కో రకానికి ఒక్కో విధంగా. ఆ ఊరుకోవడాన్ని కొలిస్తే ఏ రకం కనెక్షనో తేలిపోతుంది. మాట మొదలయ్యాక అందులో అన్నిటికంటే పొట్టి చప్పుడు ఎంతసేపు ఉందో కొలిస్తే వేగం తేలుతుంది. అన్నీ తేలాక పచ్చ లైటు. అప్పుడే కంప్యూటర్‌కి మాట అందిస్తుంది. ఇదంతా మా అమ్మకి వివరిస్తే, "అయితే మీ నాన్నకి పెట్టి చూడవే, మాట్లాడకుండా కూర్చుని ఏమనుకుంటాడో నాకూ తెలుస్తుంది" అంది.

మొదటి బాక్సుని పెదవేగి దగ్గర పామాయిల్ గెలలు తూచే చోట పెట్టాను. స్విచ్ వేయగానే పచ్చ లైటు వచ్చింది, పొంగిపోయాను. గెలల ట్రాక్టరు ప్లాట్‌ఫారం ఎక్కింది. ఎర్ర అంకెలు సరిగ్గానే ఉన్నాయి, కంప్యూటర్‌లో మాత్రం మధ్య మధ్య అంకెలు మాయం. ట్రాక్టరు దిగితే మళ్లీ బుద్ధిగా సున్నా. మళ్లీ ఎక్కితే మళ్లీ చిల్లులు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుపు ఎవరికీ కనబడకుండా వెనక్కి వెళ్లి గెలల కుప్పల మధ్య నిలబడ్డాను.

చాలా రోజులకి పట్టుకున్నాను. ప్రతి అంకెనీ మిషన్లు ఎనిమిది బిట్ల వరసగా పంపుతాయి. కొన్ని మిషన్లు ఎనిమిదింటినీ అంకెకే వాడతాయి. కొన్ని పాత మిషన్లు ఏడింటినే వాడి, ఎనిమిదోదాన్ని తప్పులు పట్టుకోవడానికి కాపలాకి పెడతాయి. ఆ కాపలావాడు కొన్ని అంకెలకి లేచి నిలబడతాడు, కొన్నిటికి పడుకుంటాడు. ఒకటి, రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది వస్తే లేస్తాడు. సున్నాకి లేవడు. ఖాళీ కాటా సున్నాలు తప్ప ఇంకేమీ పంపదు. అన్నీ సున్నాలే అయితే కాపలావాడు ఉన్నాడని బాక్సుకి తెలిసే దారే లేదు. లేడనుకుని పచ్చ లైటు వేసేస్తుంది. తీరా ట్రాక్టరు ఎక్కి అసలు అంకెలు వచ్చాక, కాపలావాడు లేచిన ప్రతి అంకెనీ చెత్త అనుకుని పారేస్తుంది.

పెదవేగిలో కాటా రాసే ఆయనకి ఒక పట్టింపు ఉండేది. పొద్దున్నే మొదటి బండి ప్లాట్‌ఫారం ఎక్కి తూకం అయ్యేదాకా అంకె అనేది నోట రానివ్వడు. టైమెంతండీ అని అడిగినా చెప్పడు. "బోణీ కాకుండా అంకె పలక్కూడదండీ, రోజంతా తూకం చెడుతుంది" అనేవాడు. నేను ఆయన్ని ఎంత ఆటపట్టించేదాన్నో. చివరికి ఆ పట్టింపునే బాక్సుకీ నేర్పాను. ఖాళీ కాటా మీద నిర్ణయం చేయదు. పసుపు రంగు లైటుతో వింటూ కూర్చుంటుంది. మొదటి బండి ఎక్కి, సున్నా కాని అంకెలు వచ్చాకే ఏ రకమో తేల్చి పచ్చ లైటు వేస్తుంది. ప్రోగ్రాంలో ఆ భాగానికి బోణీ అనే పేరు పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆ బాక్సు ఎక్కడా తప్పలేదు.

మా యజమాని గూడెంలో ఒక కల్యాణ మండపం తీసుకుని, చుట్టుపక్కల మిల్లుల వాళ్లందరినీ పిలిచి, భోజనాలు పెట్టి బాక్సుని చూపించారు. దాని మీద అప్పటికే ఆయన ఫొటో ఉన్న స్టిక్కరు వేసి ఉంది. నేను ఆ స్టిక్కరుని అక్కడే మొదటిసారి చూశాను. ఒక మిల్లు ఆసామి అడిగాడు, ఇది ఎవరు చేశారండీ అని. "నేనేనండి. ఎప్పటి నుంచో మనసులో ఉన్న ఆలోచన అండి" అన్నారు. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "ఈ అమ్మాయి టైపు కొట్టిపెట్టిందండి. పాపం, బాగా కష్టపడింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పాపం అనే మాటకి నా ఒంట్లో రక్తం సలసలా మరిగింది. తిట్టినా అంత మండేది కాదు.

మర్నాడు ఆయన గదిలోకి వెళ్లి అడిగాను.

"ఏవండీ, అది చేసింది నేను కదండీ."

"కూర్చోండమ్మా, టీ తాగండి. మీరే చేశారు, నేను కాదన్నానా? వంటమనిషి వండినా, వచ్చినవాళ్లు భోజనం బాగుందని ఇంటావిడతోనే అంటారు కదండీ."

టీ తాగలేదు. నా స్క్రూడ్రైవర్లు సర్దుకుని ఆ పూటే వచ్చేశాను. బాక్సు షాపుదే కానివ్వండి, జీతం తీసుకున్నాను, ఒప్పుకుంటాను. కానీ చేసిన చేతులు నావి. వాటిని కూడా ఆయన తీసేసుకుంటే ఎలా ఊరుకోను?

అంతటితో ఆగినా బాగుండేది. నేను సొంతంగా కాటాల పని మొదలుపెడితే తన వాళ్లు నా దగ్గరికి వచ్చేస్తారని ఆయనకి భయం పట్టుకుంది. మిల్లులన్నిటికీ ఫోన్లు చేశారు. తిట్టలేదు, అరవలేదు. "ఆ అమ్మాయి వస్తే కాస్త కనిపెట్టుకుని ఉండండి. మంచి పిల్లేనండి, కొంచెం చేతివాటం ఉంది, పాపం. నేను చెప్పానని అనకండి" అన్నారట. మెత్తని కత్తి అంటారే, అది. భీమడోలు మిల్లులో నన్ను చూడగానే కుర్చీ వేసే గుమాస్తా గేటు దగ్గరికే వచ్చి, సారు లేరండీ అన్నాడు. సారు స్కూటరు వాకిట్లోనే ఉంది. ముదినేపల్లి మిల్లులో లోపలికి రానిచ్చారు గానీ, పనిచేసినంతసేపూ ఒక మనిషిని నా చేతుల మీద కాపలా పెట్టారు. వెళ్లేటప్పుడు ఆ మిల్లు ఆసామి స్వయంగా వచ్చి, "ఏమీ అనుకోకండమ్మా" అంటూ బ్యాగు తెరవమన్నాడు. మీటరు తీయించాడు, కేబుళ్లు తీయించాడు. అన్నం డబ్బా మూత కూడా తీయించాడు. లోపల మజ్జిగన్నం, మాగాయ ముక్క ఉన్నాయి.

ఆ మూత మళ్లీ పెట్టుకుంటూ ఒట్టేసుకున్నాను. ఏ నోటితో నన్ను దొంగ అన్నాడో ఆ నోటితోనే, ఈ మనుషుల ముందే, కాదు అనిపించాలి. బాక్సు ఎవరు చేశారో ఆ నోటితోనే చెప్పించాలి. ఇంతకి అణువంత తగ్గినా నాకు వద్దు.

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ, "పోనీలేవే, మనసులోంచి తీసెయ్, పైనున్నవాడు చూసుకుంటాడు" అంది. పైనున్నవాడికి సీరియల్ పోర్టుల సంగతి తెలియదమ్మా, నాకు తెలుసు అన్నాను.

కాటాల తలుపులన్నీ మూసుకున్నాయి కాబట్టి ఏలూరులో ప్రింటర్లు, జిరాక్సు మిషన్లు, కెమెరాలు బాగుచేస్తూ కాలం గడిపాను. పని జరిగిపోయేది గానీ నాకు రుచించేది కాదు. కాటా దగ్గర అంకె ఆడుతూ ఆడుతూ వచ్చి ఒకచోట నిలబడుతుంది చూడండి, ఆ నిలబడే క్షణం నాకు ఇష్టం. జిరాక్సు మిషన్లో అలాంటిది ఏముంటుంది? రోజూ పొద్దున్నే గూడెం పాసింజరు కూత వినబడితే లేచి కిటికీ మూసేసేదాన్ని.

ఒకరోజు ఎవరో గుమాస్తా ఒక బాక్సు పట్టుకొచ్చాడు. పవరు ఎడాప్టరు కాలిపోయింది, గూడెం వాళ్లు ఫోను ఎత్తడం లేదు, ఎవరికీ చెప్పకుండా చూసిపెట్టండి అన్నాడు. ఆ స్టిక్కరు, ఆ ఫొటో. నేను పళ్లు కొరుక్కుంటూ ఎడాప్టరు మార్చి, బాక్సుని నా ల్యాప్‌టాప్‌కి కలిపి, ఖాళీ కాటా పంపినట్టు సున్నాలు పంపాను. నా బాక్సయితే పసుపు లైటుతో ఆగాలి. ఇది ఆగలేదు. కళ్లు మూసి తెరిచేలోగా పచ్చ లైటు.

బోణీ తీసేశారు. విషయం ఆ గుమాస్తానే చెప్పాడు. పసుపు లైటు చూసి కొనేవాళ్లు ఇది నిద్రపోతోందా అని అడుగుతున్నారట. అందుకని మా యజమాని హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపించి, స్విచ్ వేయగానే పచ్చ లైటు వచ్చేలా మార్పించారట. ఇప్పుడు భలే చురుగ్గా ఉందండీ అన్నాడు గుమాస్తా. మా వైపు కాటాలన్నీ దాదాపు ఎనిమిది బిట్లవే, కాపలావాడు లేనివే, కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. పెదవేగిలో ఉన్నటువంటి పాత ఇండికేటర్ ఒక్కటి తగిలిందా, అంతే సంగతులు. అది ఎక్కడో ఒకచోట తగలక మానదు. ఆ సాయంత్రం ఇంటికి జిలేబీ తీసుకెళ్లాను. ఏమిటే విశేషం అంటే ఏమీ లేదన్నాను. మా నాన్న ఏమీ అడగకుండా రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

అది కొల్లేరు వైపు తగిలింది. కైకలూరు దాటాక చెరువు గట్ల మధ్య ఒకావిడకి చేపలు ప్యాకింగ్ చేసే షెడ్డు, పక్కనే ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయి. భర్త పోయాక అన్నీ ఆవిడే నడుపుతోంది. పెద్దావిడ, మాటలో మొహమాటం లేదు. కొత్త ప్రింటరు, కెమెరాలు పెట్టాలని నన్ను పిలిచింది. వెళ్లగానే, "నీ గురించి గూడెం ఆయన ఒక మాట చెప్పారు. నా ఐసు ఫ్యాక్టరీని సంచిలో వేసుకుపోయేంత బలం నీకెక్కడిది లెమ్మని పిలిచాను" అంది. చాలాకాలానికి ఎవరో నాతో నవ్వుతూ మాట్లాడారు.

కెమెరా తీగ లాగుతూ కాటా గదిలోకి వెళ్లాను. బల్ల మీద ఇండికేటర్ ఉంది. మూతపడ్డ మిల్లు నుంచి పాత కాటాని మొత్తంగా కొన్నారట. పెదవేగి దానికి తోబుట్టువు. అవే గుండ్రని బటన్లు, అదే తుప్పు పట్టిన అంచు. "శుక్రవారం ప్రారంభోత్సవం. గూడెం ఆయనే స్వయంగా వచ్చి బాక్సు పెడతానన్నారు. ఇకనుంచి రైతుకి తూకం కళ్ల ముందే తెర మీద కనబడుతుంది, చీటీ కూడా అక్కడే వచ్చేస్తుంది. ఇక మా కాటా మీద ఎవరికీ అనుమానం ఉండదు" అంది పెద్దావిడ.

ఆవిడకి అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. "శుక్రవారం నేనూ వస్తానండి, ప్రింటరు కొత్తది కదా" అన్నాను అంతే.

శుక్రవారం పొద్దున్నే ఏలూరులో బస్సెక్కాను. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. చుట్టుపక్కల చెరువుల రైతులు వచ్చారు. బాక్సు గొప్ప చూపించుకోవడానికి మా యజమాని తనకు తెలిసిన మిల్లుల వాళ్లని కూడా పిలిచారు. అందులో ముదినేపల్లి ఆసామి ఉన్నాడు. నా అన్నం డబ్బా మూత తీయించినాయన. ఆయన్ని చూడగానే, దేవుడు ఉన్నాడు, సీరియల్ పోర్టుల సంగతి కూడా తెలుసు అనుకున్నాను.

కాటాకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మా యజమాని స్విచ్ బోర్డు దగ్గరికి నడిచారు. అప్పుడు నేను అందరికీ వినబడేలా అన్నాను.

"ఏవండీ, బాక్సుని ఖాళీ కాటా మీద పెట్టకండి. ముందు బోణీ కానివ్వండి."

ఆయన నా వైపు తిరిగి జాలిగా నవ్వారు. "ఇంకా మన షాపు మీద అభిమానం పోలేదు, పాపం. బోణీలూ శకునాలూ కంప్యూటర్‌కి ఉండవమ్మా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెబితే వినడని తెలిసే చెప్పాను.

స్విచ్ వేశారు. పచ్చ లైటు. చప్పట్లు. మొదటి లారీ వచ్చి ప్లాట్‌ఫారం ఎక్కింది, శీలావతి, బొచ్చె చేపలు, మధ్యలో ఐసు. ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు ఆడి ఆడి 17480 దగ్గర నిలబడ్డాయి. కంప్యూటర్ తెర మీద సున్నా. ఒకటి, ఏడు, నాలుగు, ఎనిమిది, ఇవన్నీ కాపలావాడు లేచి నిలబడే అంకెలే. బాక్సు ఆ నాలుగింటినీ పారేసి చివరి సున్నాని మాత్రం భద్రంగా అందించింది. నేను అడిగినా అంతకంటే మంచి తూకం దొరికేది కాదు.

"చేపలు దారిలో దిగి ఈదుకుంటూ వెళ్లిపోయినట్టున్నాయండీ" అన్నాడు ఒక రైతు. కుర్చీలన్నీ ఘొల్లుమన్నాయి.

"ఏమీ కంగారు పడకండి, కరెంటు తేడా అండి" అన్నారు మా యజమాని. లారీని దింపించారు. మొత్తం స్విచ్ ఆపి మళ్లీ వేశారు. పచ్చ లైటు. లారీని ఎక్కించారు. సున్నా. మళ్లీ దింపించారు. కేబులు మార్చారు. స్విచ్, పచ్చ లైటు, లారీ, సున్నా. కాటాని ఆన్ చేసేటప్పుడు పైన ఏ బరువూ ఉండకూడదు, ఉంటే ఆ బరువునే సున్నా అనుకుంటుంది. మా పనిలో మొదటి పాఠం అది. నాకు ఆ పాఠం నేర్పింది ఆయనే. కాటాకీ బాక్సుకీ ఒకటే స్విచ్ కాబట్టి, ఆయన ఎంత బుద్ధిగా పాఠం పాటిస్తే బాక్సు అంత బాగా ఖాళీ కాటానే వింటోంది. ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. హైదరాబాదుకి ఫోను చేశారు, అవతల ఎత్తలేదు. నన్ను అడగొచ్చు, నేను అక్కడే ఉన్నాను. అడిగితే బాక్సు ఎవరిదో ఒప్పుకున్నట్టే కదా. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు.

ఎండ ఎక్కింది. లారీ కింద నీళ్లు మడుగు కట్టాయి. రైతుల నవ్వులు ఆగిపోయాయి. "ఇంతకీ ఏది నిజమండీ, ఎర్ర అంకెదా, తెరదా?" అని ఎవరో అడిగారు. ఇంకొకాయన లేచి, నా చేపలు వేరే కాటాకి తోలుకుంటానులెండి అని బయల్దేరబోయాడు. పెద్దావిడ మొహంలో రంగు మారింది. ఒకసారి అనుమానం పుట్టిన కాటా మీద ఎవరూ చేప వేయరని ఆవిడకి తెలుసు. అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చింది.

"నీకేమైనా తెలుసా అమ్మాయ్?"

"తెలుసండి."

"మరి చూడవే!"

"నేను ముట్టుకోకూడదండి. నాకు చేతివాటం ఉందని ఆయన అందరికీ చెప్పారు. ఇక్కడున్నవాళ్లలో నా అన్నం డబ్బా మూత తీయించి చూసినవాళ్లు కూడా ఉన్నారు."

ముదినేపల్లి ఆసామి తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఈ బాక్సు ఎవరు చేశారో ఆయన్ని చెప్పమనండి. అప్పుడు చూస్తాను."

మా యజమాని నవ్వడానికి ప్రయత్నించారు. "మన పిల్లే కదండీ. షాపులో అందరం కలిసి..."

"అందరం కాదండి" అన్నాను.

ఆయన పెద్దావిడ వైపు వంగి, ఏదో రహస్యం చెబుతున్నట్టు, "ఆ అమ్మాయి చేసిందేనండి" అన్నారు.

"ఫ్యాను చప్పుడులో వినబడలేదండి" అన్నాను నేను.

మళ్లీ చెప్పారు. ఈసారి షామియానా చివరి కుర్చీ దాకా వినబడింది.

"చేతివాటం సంగతి?"

"అది... నేనే అన్నానండి."

"నిజమా, అబద్ధమా?"

"అబద్ధమేనండి." జేబులోంచి రుమాలు తీసి, తుడుచుకోకుండా మడిచి మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడు కూడా గొంతు మెత్తగానే ఉంది. ఆ క్షణాన్ని నేను రైళ్లలో, వంటింట్లో, నిద్రపట్టని మంచం మీద ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఊహలో ఉన్నదానికంటే తియ్యగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

వెళ్లి బాక్సు పవరు తీగ ఒక్కటే పీకాను. లారీ కాటా మీదే ఉంది. తీగ మళ్లీ పెట్టాను. ఈసారి బాక్సు సున్నాలు వినలేదు, లారీని విన్నది. కాపలావాడు కనబడ్డాడు. తెర మీద 17480.

"అంతేనా?" అన్నాడు డ్రైవరు.

"అంతేనండి" అన్నాను.

చీటీ ప్రింటు అవుతుంటే పెద్దావిడ వచ్చి పక్కన నిలబడింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"కెమెరాలు పెట్టిన రోజే నీకు తెలుసా?"

"తెలుసండి. పూజప్పుడు చెప్పాను కూడా."

"ఆయనకి చెప్పావు. నాకు చెప్పలేదు."

"మీకు చెబితే ఆయన చేత చెప్పించలేకపోయేదాన్నండి."

ఆవిడ లారీ కింద మడుగు వైపు చూసింది. "నా చేపలు" అంది.

తర్వాత తలుపులన్నీ తెరుచుకున్నాయి. భీమడోలు గుమాస్తా కుర్చీ వేస్తున్నాడు. ముదినేపల్లి ఆసామి నా బ్యాగు వైపు కన్నెత్తి కూడా చూడడు, కాఫీ మాత్రం రెండోసారి అడుగుతాడు. బాక్సుల మీద స్టిక్కర్లు గోళ్లతో గీకేసి కనబడుతున్నాయి. దొరికిన ప్రతి బాక్సులోనూ బోణీ తిరిగి పెట్టాను. మా యజమాని ఒకసారి భీమడోలు ప్లాట్‌ఫారం మీద ఎదురుపడి, "బాగున్నారామ్మా" అన్నారు. బాగున్నానండి అన్నాను. నిజంగానే బాగున్నాను. ఆ రోజు చేసినదాని గురించి నాకు ఏ విచారమూ లేదు. మళ్లీ ఆ కుర్చీలు వేసి, ఆ లారీని తెచ్చి నిలబెడితే మళ్లీ అలాగే చేతులు కట్టుకుని నిలబడతాను.

పెద్దావిడ కూడా పనికి నన్నే పిలుస్తుంది, ఇంకెవరినీ పిలవదు. మొన్న చేపల సీజన్లో వెళ్లి కాటా అంతా చూశాను. కేబులు మార్చాను, బాక్సు సరిగ్గా పసుపు లైటుతో ఆగి, బోణీ అయ్యాక పచ్చ లైటు వేసింది. లోడు లారీ తూకం ఎర్ర అంకెల్లోనూ తెర మీదా ఒకటే వచ్చింది. అన్నీ సర్దుకుని బ్యాగు భుజాన వేసుకున్నాను.

"ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అమ్మాయ్?" అంది.

"లేదండి, అంతా బాగుంది."

ఆవిడ నా మొహం కాసేపు చూసింది. తర్వాత కిటికీలోంచి డ్రైవరుని పిలిచి, "బాబూ, లారీని దింపి ఇంకోసారి ఎక్కించు" అంది.

లారీ దిగి, తిరిగి వచ్చి, మళ్లీ కాటా ఎక్కేదాకా నేను బ్యాగు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.